గర్భిణికి 1200 క్యాలరీల టార్గెట్ ఇచ్చే యాప్‌ను ఎంతవరకు నమ్మాలి?

మధురవాడ నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. వయసు 29, ఎత్తు 158 సెంటీమీటర్లు. గర్భం రాకముందు 68 కిలోలు, ఇప్పుడు 20వ వారం, 73 కిలోలు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లికి ముందు నుంచీ వాడుతున్న క్యాలరీ యాప్ ఇప్పటికీ రోజుకు 1200 దాటొద్దంటోంది. చేతి వాచీ 10,000 అడుగులు నడవమంటోంది. అత్తయ్యగారేమో ఇద్దరి తిండి తినమంటున్నారు. "ఈ యాప్‌లు ఉంచాలా, తీసేయాలా? కాన్పు తర్వాత బరువు తగ్గడానికి ఏది వాడాలి?" అని ఆవిడ సందేహం.

అమ్మా, ముందు సూటిగా జవాబు చెప్తాను. ఆ 1200 టార్గెట్‌ను ఈ రోజే మార్చేయండి. యాప్‌ను తీసేయనక్కర్లేదు, అందులో ఉన్న "బరువు తగ్గాలి" అనే లక్ష్యాన్ని తీసేయాలి. కడుపుతో ఉన్నప్పుడు ఫోన్ పని రాసిపెట్టడం వరకే. రాసింది చూసి ఎంత తినాలో, ఎంత నడవాలో చెప్పాల్సింది మిమ్మల్ని పరీక్షించే మనిషి. కాన్పయ్యాక మొదటి ఆరు వారాలు బరువు తగ్గే యాప్ జోలికి పోవద్దు. ఆ తర్వాత వాడండి, అప్పుడు కూడా వారానికోసారి ఎవరో ఒకరు చూసే ఏర్పాటుతోనే. మీ బరువు గురించి ఇప్పుడు కంగారుపడాల్సిందేమీ లేదు. లెక్క కింద రాశాను.

నేను విశాఖలో డైటీషియన్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గర్భిణులు, బాలింతలే. ఒకప్పుడు ఏం తిన్నారో చీటీ మీద రాసుకొచ్చేవారు, ఇప్పుడు కుర్చీలో కూర్చోగానే ఫోన్ ముందుకు చాపుతున్నారు. అది మంచిదే. చీటీలు పోయేవి, ఫోన్లో మూడు నెలల బరువు ఒక్క గీతలో కనిపిస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఆ గీత పక్కన యాప్ ఎర్రరంగులో చూపించే హెచ్చరికను వాళ్లు డాక్టరు మాటలా తీసుకుంటున్నారు.

ఆ 1200 ఎక్కడి నుంచి వచ్చింది? మీరు యాప్ పెట్టుకున్న రోజు వయసు, ఎత్తు, బరువు ఇచ్చి, ఇన్ని కిలోలు తగ్గాలని నొక్కి ఉంటారు. అది మీ ఒంటికి రోజూ కావలసిన శక్తి లెక్కగట్టి, అందులోంచి ఐదారు వందలు కోసేసి 1200 అని తేల్చింది. మీరు గర్భవతి అని దానికి ఎవరూ చెప్పలేదు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి మామూలు రోజుల కంటే 350 క్యాలరీలు అదనంగా కావాలి. అంటే యాప్ ఒక వైపు లాగుతోంది, కడుపులో బిడ్డ ఇంకో వైపు అడుగుతోంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి గర్భిణుల మోడ్ ఉందేమో చూడండి. ఇప్పుడు ఎన్నో వారం, గర్భానికి ముందు బరువెంత అని అది అడిగితే వాడుకోవచ్చు. అడగకపోతే "బరువు నిలబెట్టుకోవడం" అన్నది ఎంచుకుని, క్యాలరీల హెచ్చరికలన్నీ ఆపేయండి.

ఆ 350 అంటే ఎంతో కళ్లముందు పెడతాను, అత్తయ్యగారికి కూడా చూపించండి. ఒక గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేరుశనగ గుళ్లు. అంతే. ఇద్దరి తిండి అన్న మాటలో ప్రేమ ఉంది గానీ, రెండో మనిషికి కావలసింది ఇంతే. సూడిదల సీజన్ మొదలయ్యాక ఈ లెక్క ఇంకా గుర్తుంచుకోవాలి. పెద్ద సున్నుండ ఒక్కటే 200 క్యాలరీల దగ్గరికి వస్తుంది. ఆ మీద మాడుగుల హల్వా, చలిమిడి, అరిసెలు ప్రతి చుట్టం చేతిలోనూ ఉంటాయి. తినొద్దని నేను ఎవరికీ చెప్పను. ఆ రోజు వచ్చినవన్నీ డబ్బాలో పెట్టి రోజుకొకటి తినమంటాను.

ఇక మీ బరువు. గర్భానికి ముందు బరువుతో లెక్కేస్తే మీ బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే అంకె, 27.2. గర్భిణులు ఎంత పెరగాలన్నదానికి ఎక్కువమంది డాక్టర్లు చూసేది 2009లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన పట్టిక. దాని ప్రకారం గర్భానికి ముందు బీఎంఐ 18.5 కన్నా తక్కువుంటే 12.5 నుంచి 18 కిలోలు, 18.5–24.9 మధ్య ఉంటే 11.5 నుంచి 16, 25–29.9 ఉంటే 7 నుంచి 11.5, 30 దాటితే 5 నుంచి 9 కిలోలు పెరగాలి. మనవాళ్లలో తక్కువ బీఎంఐకే షుగర్, బీపీ వస్తాయి కాబట్టి భారతీయులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కవేస్తారు. అందుకే మీలాంటి వారికి ఆ పట్టికలో తక్కువ వైపు ఉండేలా చూద్దామని చాలామంది డాక్టర్లు అంటారు. నేనూ అదే చూస్తాను.

మీరు 20 వారాలకు 5 కిలోలు పెరిగారు. మీ బీఎంఐకి ఈ పాటికి రెండున్నర నుంచి నాలుగు వరకు ఉంటే సరిపోయేది. కాస్త ముందున్నారు, అంతకుమించి ఏమీ లేదు. ఇక్కడి నుంచి వారానికి పావు కిలో చొప్పున, అంటే 230 నుంచి 330 గ్రాముల మధ్య వెళ్తే చాలు. అలా అయితే 28వ వారానికి 75 అటూ ఇటూ, 36వ వారానికి 77–78, నెలలు నిండేసరికి 78–79 దగ్గర ఉంటారు. మొత్తం మీద 10–11 కిలోలు. పట్టిక దాటలేదు. పెరిగిన దాన్ని ఇప్పుడు తగ్గించాలని చూడకండి. పెరిగే వేగం తగ్గితే చాలు.

బరువు చూసుకోవడానికి పద్ధతి ఉంది. వారానికి ఒక్కరోజు పెట్టుకోండి, ఆదివారం అనుకుందాం. పొద్దున్న బాత్రూంకి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు, పల్చటి నైటీతో, అదే మిషన్ మీద. మిషన్ గచ్చు మీద ఉండాలి, పట్టా మీదో చాప మీదో కాదు. ఆసుపత్రి మిషన్‌కూ మీ ఇంటి మిషన్‌కూ కిలో తేడా రావచ్చు, అందుకే రెండూ ఒకే గీతలో కలపకండి. రోజూ ఎక్కేవాళ్లకు నేను మరీ మరీ చెప్పేది ఇదే: ఒక రోజుకూ ఇంకో రోజుకూ కిలో దాకా తేడా రావడం నీటివల్ల, ఉప్పువల్ల, మలబద్ధకంవల్ల. ఆవకాయ అన్నం తిన్న మర్నాడు అంకె పెరిగిందని మధ్యాహ్నం భోజనం మానేసినవాళ్లు నాకు తెలుసు.

ఈ మధ్య బ్లూటూత్ మిషన్లు వచ్చాయి, ఎక్కి నిలబడితే కొవ్వు శాతం, కండ శాతం చెప్తాయి. పాదాల్లోంచి సన్నటి కరెంటు పంపి లెక్కగట్టే పద్ధతి అది. గర్భంలో ఒంట్లో నీరంతా మారిపోతుంది కాబట్టి ఆ శాతాలు తప్పుతాయి, గర్భిణులు వాడొద్దని చాలా కంపెనీలు డబ్బాలోని కాగితం మీదే రాస్తాయి. మామూలు మిషన్ చాలు. ఉన్నది అదే అయితే, కొవ్వు శాతం కొలిచే ఆ సదుపాయం ఆపేసి బరువొక్కటే చూసుకోండి.

బరువు రాసుకోవడంవల్ల నేను చూసిన అతి పెద్ద లాభం లావుకు సంబంధించింది కాదు. గాజువాక నుంచి వచ్చే ఒకామె ప్రతి శనివారం బరువు, వాచీ చూపించిన అడుగులు వాట్సాప్‌లో పంపేది. 33వ వారంలో ఒక శనివారం బరువు ఏకంగా రెండు కిలోలకు పైగా పెరిగింది. యాప్‌లో "ఈ వారం లక్ష్యం దాటారు, రేపు సలాడ్ తినండి" అన్నట్టు ఏదో వచ్చింది. నేను ఫోన్ చేసి వేలి ఉంగరం ఊడి వస్తోందా అని అడిగాను. రావట్లేదు, పొద్దున్న లేచేసరికి మొహం కూడా ఉబ్బినట్టుంది, నిన్నటి నుంచి తలనొప్పి అంది. తిండి మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి పంపించాను. బీపీ 150/100 ఉంది, మూత్రంలో ప్రొటీన్ పోతోంది. ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ పెరిగి తల్లీబిడ్డలకు ప్రమాదం తెచ్చే జబ్బు. సమయానికి వెళ్లింది కాబట్టి తల్లీబిడ్డలు ఇద్దరూ క్షేమం.

కాబట్టి దీన్ని విడిగా గుర్తుపెట్టుకోండి. 20వ వారం తర్వాత ఒక్క వారంలో కిలోకు మించి బరువు పెరిగినా, మొహం చేతులు ఉబ్బినా, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి ఉన్నా అది తిండి సమస్య కాదు. ఆ రోజే బీపీ చూపించుకోవాలి. 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇంట్లో చేతికి పట్టీ కట్టే డిజిటల్ బీపీ మిషన్ ఒకటి ఉంటే నా దృష్టిలో పదివేల రూపాయల వాచీ కన్నా నూరు రెట్లు నయం. మణికట్టుకు పెట్టుకునేది కాదు, జబ్బకు కట్టేదే తీసుకోండి.

ఇప్పుడు తిన్నది రాసుకోవడం. ఇక్కడ యాప్‌లు మన వంటింట్లో తడబడతాయి. "దాల్, ఒక బౌల్" అని ఉంటుంది. మీరు తిన్నది ముద్దపప్పా, టమాటా పప్పా, పైన నెయ్యి ఎంత, దానికి తెలియదు. రొయ్యల ఇగురు అని వెతికితే ఎక్కడిదో ప్రాన్ కర్రీ తెచ్చి చూపిస్తుంది. అన్నం "ఒక కప్పు" అంటే 130 గ్రాములో 200 గ్రాములో ఎవరికీ తెలియదు. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 క్యాలరీలు. మన స్టీలు కంచంలో మధ్యాహ్నం పెట్టుకునే అన్నం ఒక్కసారి కిచెన్ వెయింగ్ మిషన్ మీద తూచి చూడండి. 300 గ్రాములు దాటడం మామూలే. ఒక్కసారి తూచితే చాలు, కంటికి అలవాటైపోతుంది.

పోషకాహార సంస్థవాళ్లు 2019లో న్యూట్రిఫై ఇండియా నౌ అనే ఉచిత యాప్ తెచ్చారు. మన దేశపు ఆహార పదార్థాల మీద వాళ్లు చేసిన పరీక్షల లెక్కలే అందులో ఉన్నాయి కాబట్టి రాగులు, తోటకూర, మునగాకు, పెసలు లాంటి వాటికి అంకెలు దగ్గరగా వస్తాయి. హెల్తీఫై (ఇదివరకటి హెల్తీఫైమీ) లాంటి యాప్‌లలో మన వంటకాలు ఎక్కువే ఉంటాయి గానీ వాడేవాళ్లు ఇష్టమొచ్చినట్టు ఎంచుకునే అవకాశమూ ఎక్కువే.

నిజం చెప్పాలంటే క్యాలరీలు లెక్కపెట్టమని గర్భిణులకు నేను చెప్పను. కంచం ఫొటో తీయమంటాను. వారంలో మూడు రోజులు, రోజంతా నోట్లో పెట్టుకున్న ప్రతిదీ, తినబోయే ముందు ఒక ఫొటో. వాట్సాప్‌లో పంపితే నాకు ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. అన్నం కొండలా ఉండి కూర అంచున ఉంటే తెలుస్తుంది. మూడు పూటలా ఎక్కడా గుడ్డుగానీ చేపగానీ పప్పుగానీ లేకపోతే తెలుస్తుంది. కంచరపాలెం నుంచి వచ్చే ఒకామె ఫొటోల్లో భోజనాలన్నీ చక్కగా ఉన్నాయి, బరువు మాత్రం వారానికి ముప్పావు కిలో పెరుగుతోంది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఒక్క ఫొటో లేదు. అడిగితే నవ్వింది. ఆయన డ్యూటీ దిగి వస్తూ మిరపకాయ బజ్జీలు, పునుగులు తెస్తారట, నాలుగు ముక్కలే కదా అని ఫొటో తీయలేదు. ఆమెకు డైట్ చార్టు ఇవ్వాల్సిన పనే పడలేదు. ఆయన్ని బజ్జీల బదులు ఉడికించిన వేరుశనగలు, మొక్కజొన్న పొత్తు తెమ్మన్నాం.

నూనెకి యాప్ అసలు పనికిరాదు. దానికి ఇంటి లెక్కే గతి. నెలకు ఎన్ని ప్యాకెట్లు కొంటున్నారో చూడండి. నలుగురున్న ఇంట్లో నాలుగు లీటర్లు అయితే మనిషికి రోజుకు 33 మిల్లీలీటర్లు, అంటే 270 పైచిలుకు క్యాలరీలు కేవలం నూనె నుంచే. అందులో మూడో వంతు తగ్గించినా మీ ఒక్కరికే కాదు, ఇంటిల్లిపాదికీ మేలు.

చేపల గురించి అడగకపోయినా చెప్తాను, విశాఖలో ఉన్నాం కాబట్టి. కవ్వళ్లు, కానాగంతలు, నెత్తళ్లు లాంటి చిన్న చేపలు వారంలో రెండుసార్లు తినండి. ప్రొటీన్, మంచి కొవ్వు రెండూ దొరుకుతాయి, పెద్ద చేపల కన్నా చవక. పాలు పడతాయని బాలింతలకు సొర పిట్టు పెట్టడం మన తీరప్రాంతంలో ఆనవాయితీ. పెద్ద సొరల్లో పాదరసం చేరే అవకాశం ఎక్కువ, కడుపుతో ఉన్నప్పుడు వద్దు. బిడ్డ పాలు తాగే రోజుల్లో కూడా తరచుగా వద్దనే చెప్తాను.

వాచీ సంగతి. 10,000 అడుగులన్న అంకె వైద్యులు పెట్టింది కాదు, 1960లలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మడానికి పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులకు, బాలింతలకు చెప్పేది వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. రోజూ అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే అయిపోతుంది. డాక్టరు నడవొద్దన్న కారణం ఏదైనా ఉంటే, అంటే రక్తస్రావం, మాయ కిందికి ఉండటం, గర్భసంచి ముఖద్వారం పొడవు తగ్గిపోవడం లాంటివి ఉంటే, ఈ లెక్క మీకు వర్తించదు. వాచీ నోటిఫికేషన్లు ఆపేయండి.

నడుస్తున్నప్పుడు గుండె వేగం చూసి భయపడేవాళ్లు చాలామంది. గర్భంలో ఊరికే కూర్చున్నా నిమిషానికి 10–20 సార్లు ఎక్కువ కొట్టుకోవడం సహజం. వాచీకి అది తెలియక "మీరు స్ట్రెస్‌లో ఉన్నారు" అంటుంది, అది చూసి నిజంగానే టెన్షన్ పడతారు. మాటల పరీక్ష చాలు. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. "ఇన్ని క్యాలరీలు ఖర్చయ్యాయి" అన్నదాన్ని అసలు నమ్మకండి. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు వాచీలు పరీక్షిస్తే, గుండె వేగం చాలావరకు సరిగ్గా చెప్పినా, క్యాలరీల దగ్గర అన్నిటికన్నా మెరుగైన వాచీ కూడా సగటున 27 శాతం తప్పింది. 300 ఖర్చయిందని చూసి 300 తినేస్తే మిగిలేది బరువే.

మీ వైపు కాలనీ రోడ్లు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, ఆయాసం త్వరగా వస్తుంది. వీలైన రోజు పొద్దున్నే బీచ్ రోడ్డుకో శివాజీ పార్కుకో వెళ్లండి, చదునుగా ఉంటుంది. మన ఊరి ఉక్కపోతలో తొమ్మిది దాటాక నడక మంచిది కాదు, నీళ్ల సీసా లేకుండా అసలే వద్దు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు వాచీలో నాకు నిజంగా నచ్చేది ఒకటుంది. గంటకోసారి లేవమని గుర్తుచేస్తుంది. అది మాత్రం ఉంచుకోండి. కాల్‌లో ఉన్నా లేచి నిలబడి మాట్లాడండి.

షుగర్ గురించి. మీకు 24–28 వారాల మధ్య గ్లూకోజ్ పరీక్ష ఇంకోసారి చేస్తారు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగిన రెండు గంటలకు 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భకాలపు మధుమేహం అంటారు. అదే వస్తే ఫోన్ విలువ ఇంకా పెరుగుతుంది. ఉదయం పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. గ్లూకోమీటర్ అంకె పక్కన తిన్న కంచం ఫొటో ఉంటే ఎవరికి ఏది పడుతుందో దొరికిపోతుంది. పెందుర్తి నుంచి వచ్చిన ఒకామెకు నాలుగు ఇడ్లీలు సాంబారుతో తింటే 160 దాటేది. అదే రెండు ఇడ్లీలు, గుడ్డు, ఎక్కువ ముక్కలున్న సాంబారు తింటే 118. ఇది నేను చెప్పలేదు, రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని ఆమే కనిపెట్టింది.

కాన్పు తర్వాత. బిడ్డ, మాయ, ఉమ్మనీరు కలిపి ఐదారు కిలోలు ఆ రోజే పోతాయి. తర్వాత రెండు వారాల్లో ఒంట్లో నీరు తీసేసి ఇంకో రెండు మూడు పోతాయి. మిగిలింది నెమ్మదిగా పోవాలి. పుట్టింట్లో ఉండే ఆ రోజుల్లో ఒకపక్క కాయం, నెయ్యి, వెల్లుల్లి కారం, ఇంకోపక్క నీళ్లు ఎక్కువ తాగొద్దు, కూరగాయలు తినొద్దు అనే పథ్యం. కాయం చెంచాడు తింటే తప్పులేదు. నీళ్లు ఆపడం మాత్రం తప్పు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 క్యాలరీలు అదనంగా కావాలని పోషకాహార సంస్థ చెప్తుంది. ఆ సమయంలో 1200 యాప్ తెరిస్తే నీరసం, చిరాకు, పాలు చాలట్లేదన్న దిగులు, ఆ మీద డబ్బా పాలు. ఈ వరుస నేను చాలా ఇళ్లలో చూశాను.

అందుకే ఆరు వారాల చెకప్ అయ్యాక, డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టండి. సిజేరియన్ అయితే ఇంకొన్ని వారాలు ఆగినా నష్టం లేదు. వారానికి అర కిలోకు మించి తగ్గొద్దు. పాలిచ్చేవాళ్లు రోజుకు 1800 క్యాలరీల కిందికి దిగకుండా చూసుకోవాలి. బిడ్డను ఎత్తుకుని తిరిగితే చెయ్యి ఊగదు కాబట్టి వాచీ ఆ అడుగుల్లో చాలావరకు లెక్కించదు, అది చూసి దిగులుపడకండి. నిద్ర స్కోరు చూపించే సదుపాయం ఆపేయండి. రాత్రి నాలుగుసార్లు లేచిన తల్లికి పొద్దున్నే "మీ నిద్ర బాగోలేదు" అని చెప్పడంవల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

అన్నీ సరిగ్గా చేస్తున్నా మూడు నాలుగు నెలలకు బరువు కదలకపోతే యాప్ మార్చకండి, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. ఏడుపు ఆగకపోయినా, బిడ్డను చూస్తే ఏమీ అనిపించకపోయినా, ఫోన్లో అడుగులు తగ్గడం బద్ధకం కాదు. డాక్టరుకు చెప్పండి, లేదా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఈ సాధనాలు అసలు పనిచేస్తాయా అని కూడా చాలామంది అడుగుతారు. పనిచేస్తాయి, ఒక షరతు మీద. 2017లో జామా పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో కాలిఫోర్నియాలోని తక్కువ ఆదాయం ఉన్న బాలింతలకు వెబ్‌సైట్ పాఠాలు, ఫోన్ మెసేజ్‌లు ఇచ్చారు, వాటితోపాటు నెలనెలా క్లినిక్‌లో కూర్చోబెట్టి మాట్లాడారు. ఏడాదికి వాళ్లు సగటున 3.2 కిలోలు తగ్గారు, మామూలు సలహాలే అందినవాళ్లు 0.9 కిలో. చూడటానికి చిన్న అంకె. తర్వాతి కాన్పుకు మూడు కిలోలు తక్కువతో వెళ్లడం చిన్న విషయం కాదు. ఆ నెలనెలా సమావేశాన్ని మాత్రం మర్చిపోకండి. నా దగ్గర కూడా అంతే. యాప్ కొని ఒంటరిగా మొదలుపెట్టినవాళ్లు మూడో వారానికి రాయడం ఆపేస్తారు. ఆదివారం సాయంత్రం ఎవరికో పంపాలన్న లెక్క ఉన్నవాళ్లు కొనసాగిస్తారు. ఆ ఎవరో డైటీషియనే కానక్కర్లేదు, ఏఎన్ఎం అయినా, ఈ మధ్యే కాన్పయిన అక్క అయినా పర్లేదు.

రెండు జాగ్రత్తలు. ఉచిత గర్భధారణ యాప్‌లు మీ వివరాలు ప్రకటనల కంపెనీలకు ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఫ్లో అనే యాప్ మీద అమెరికాలో చర్య కూడా తీసుకున్నారు, 2021లో. కాంటాక్ట్స్, లొకేషన్ అడిగితే ఇవ్వకండి. రెండోది, ఆన్‌లైన్‌లో బరువు తగ్గించే పొడులు, వెగోవీ, మౌంజారో లాంటి ఇంజెక్షన్ల ప్రకటనలు కాన్పయిన వాళ్ల ఫోన్లలో వరదలా వస్తాయి. గర్భంలోగానీ, పాలిచ్చేటప్పుడుగానీ వాటి జోలికి వద్దు.

డబ్బు ఖర్చు లేకుండా ఫోన్‌తో జరిగే మంచి పనులు కొన్ని ఉన్నాయి. ఐరన్ మాత్రకు, కాల్షియం మాత్రకు రెండు గంటల తేడాతో రెండు అలారాలు పెట్టుకోండి. ఐరన్ వేసుకున్న వెంటనే టీ, పాలు వద్దు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు ఉంటాయి, అది క్యాలెండర్‌లో పెట్టుకోండి. మన ఘోషా ఆసుపత్రికో, కేజీహెచ్‌కో, దగ్గర్లో ఉన్న అర్బన్ హెల్త్ సెంటర్‌కో వెళ్లినా సరే, మీ బరువు గీత స్క్రీన్‌షాట్ ఒకటి తీసుకెళ్లండి. అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటే గుడ్లు, పాలు వస్తాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా అని మొహమాటపడక్కర్లేదు. ఒకవేళ షుగర్ బయటపడితే, కాన్పయిన ఆరు వారాలకు ఒక రిమైండర్, ఆ తర్వాత ఏటా ఒకటి షుగర్ పరీక్షకు పెట్టేయండి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు తర్వాత అసలు మధుమేహం వచ్చే అవకాశం చాలా రెట్లు ఎక్కువ, బిడ్డ పనుల్లో పడి ఈ పరీక్ష మర్చిపోయేవాళ్లే ఎక్కువమంది.

మీరు హిమోగ్లోబిన్ ఎంతో రాయలేదు. 11 కన్నా తక్కువుంటే కంచంలో మార్పులు వేరేగా చెప్పాలి. అలాగే అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉందా, థైరాయిడ్ మాత్ర వాడుతున్నారా, శాకాహారమా అన్నదీ చెప్పండి. ఈ ఆదివారం బరువు, మూడు రోజుల కంచం ఫొటోల్లో ఏముందో కలిపి కింద రాస్తే, మీ ఇంటి వంటకే సరిపోయేలా పూటపూటకీ ఏం తినాలో రాసి పెడతాను.